తాతాజీ పొందిన హెచ్చరికలు

మైలురాళ్ల శాఖ అని ఒకటుందన్న సంగతి అందులో పనిచేసేవాళ్లకి తప్ప బయటివాళ్లకి పెద్దగా తెలియదు. దేశంలో మైళ్లు పోయి కిలోమీటర్లు వచ్చినప్పుడు ఆ శాఖ కూడా పోతుందని చాలామంది అనుకున్నారు. పోలేదు సరికదా, పని రెట్టింపయింది. అంతకుముందు రాళ్లని కాపాడితే సరిపోయేది. ఆ తర్వాత రాళ్లని కాపాడటంతోపాటు, వాటిని ఎందుకు కాపాడాలో ఏటేటా పైవాళ్లకి రాసి పంపడం కూడా వచ్చిపడింది. రాయడానికి గుమాస్తాలు కావాలి, రాసింది దిద్దడానికి సూపరింటెండెంట్లు కావాలి, దిద్దిన దాని కింద సంతకం పెట్టడానికి డిప్యూటీ డైరెక్టర్లు కావాలి. అలా ఆ శాఖ ఇవాళ్టికీ పచ్చగా ఉంది.

ఏలూరులోని జిల్లా ఆఫీసులో కొల్లి తాతాజీ సీనియర్ అసిస్టెంటు. సూపరింటెండెంటు అమ్మిరాజు గారు రిటైరై చాలాకాలమైనా ఆ పోస్టు నింపలేదు. ఇన్‌చార్జి అని ఓ కాగితం ఇచ్చి పనంతా తాతాజీ నెత్తిన పెట్టారు. తాతాజీ వాళ్ల నాన్న అదే ఆఫీసులో జవానుగా చేశాడు. సూపరింటెండెంటు గారి క్యారేజీ ఇంటినుంచి తెచ్చి, విప్పి, వడ్డించి, కడిగి, మళ్లీ ఇంటికి చేర్చేవాడు. నాన్న ఉద్యోగంలో ఉండగానే పోతే ఆ ఇంటి పెద్దకొడుకని తాతాజీని తీసుకున్నారు. రిటైరయ్యేలోగా ఆ ఆఫీసులో ఇన్‌చార్జి అన్న తోక లేకుండా సూపరింటెండెంటు అనిపించుకోవాలని తాతాజీ కోరిక. దేవుణ్ణి అంతకుమించి ఏమీ అడిగినవాడు కాదు. ఈసారి పదోన్నతుల జాబితాలో మొదటి పేరు అతనిదే. రెండో పేరు లంకలపల్లి కుటుంబరావుది.

సరిగ్గా అప్పుడే కమిషనర్ గారు చలికొండల మీద ఏదో ఊళ్లో శిక్షణకి వెళ్లొచ్చారు.

అక్కడ ఆయనకి తెలిసిందేమిటంటే, ప్రపంచంలో బాగుపడ్డ సంస్థలన్నీ ఈ-మెయిల్ అలర్టుల వల్లే బాగుపడ్డాయట. ఉద్యోగి ఇంట్లో భోంచేస్తున్నా సరే, ఆఫీసులో ఉత్తరం వచ్చిందంటే అతని ఇంటి కంప్యూటరు ఆ కబురు చెవిన వెయ్యాలి. కమిషనర్ గారు కొండ దిగుతూ దారిలోనే సర్క్యులర్ చెప్పి రాయించారు. ఆ వారం తెలుగు భాషా వారోత్సవాలు కావడంతో దాన్ని అనువాద విభాగానికి పంపారు. అలర్టుకి తెలుగేమిటని అక్కడ పెద్ద చర్చ జరిగింది. జాగృతి అంటే ఆ పేరుతో ఇదివరకే ఓ పథకం పెట్టి మూసేశారు. మేలుకొలుపు అంటే మతపరమైన ఛాయలున్నాయన్నారు. అప్రమత్తత అన్న మాట కమిషనర్ గారి నోరు తిరగలేదు. చివరికి హెచ్చరిక అన్నది నిలిచింది.

"శాఖయందలి ప్రతి ఉద్యోగియు తన స్వగృహమునందలి కంప్యూటరులో ఈ-మెయిల్ హెచ్చరికలను ఏర్పాటు చేసికొని, అహర్నిశము హెచ్చరింపబడుటకు సంసిద్ధుడై యుండవలెను" అని సర్క్యులర్ వచ్చింది.

డిప్యూటీ డైరెక్టరు చిట్టూరి అనంతపద్మనాభం గారు, అంటే ఆఫీసులో అందరూ డీడీ గారనే ఆయన, సిబ్బందినంతా నిలబెట్టి దాన్ని చదివి వినిపించారు. చదవడం అయ్యాక కుటుంబరావు తనకి మినహాయింపు కావాలని విన్నవించుకున్నాడు. సర్క్యులర్ స్వగృహం అంటోంది, తనకి స్వగృహం లేదు. ఉంటున్న రెండంతస్తుల మేడ వాళ్లావిడ పేరునుంది కాబట్టి చట్టం దృష్టిలో తను ఆవిడ ఇంట్లో ఉంటున్నవాడే తప్ప సొంత ఇల్లున్నవాడు కాదు. డీడీ గారు సర్క్యులర్ మళ్లీ చదువుకుని, నిజమేనని ఒప్పుకుని, మినహాయింపు రాసిచ్చారు. మిగతావాళ్లు ఒక్కొక్కరే ఇంటికెళ్లి దస్తావేజులు చూసుకున్నారు. ఎక్కువమంది ఇళ్లు భార్యల పేర్లమీదో అత్తగార్ల పేర్లమీదో ఉన్నాయి, మిగిలినవాళ్లవి అద్దె ఇళ్లు. ఇల్లు తన పేరున పెట్టుకున్న అమాయకుడు ఆ ఆఫీసు మొత్తంలో తాతాజీ ఒక్కడే.

శనివారపుపేటలో అతనికి రెండు గదుల ఇల్లుంది. ఒక గది భార్య వీరమణి కుట్టుమిషనుది. జాకెట్లు కుట్టడంలో ఆ చుట్టుపక్కల ఆవిడకి మంచి పేరు. బావమరిది నెట్ సెంటరు ఎత్తేస్తూ వదిలేసిన కంప్యూటరొకటి ఉంటే, దాన్ని రిక్షాలో వేయించుకొచ్చి ఆ మిషను పక్కనే పెట్టాడు తాతాజీ. ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, శాఖవారు పంపిన కరదీపిక ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

కరదీపిక చెప్పినట్టు నొక్కుకుంటూ పోతే ఒకచోట ప్రశ్న వచ్చింది. ఏయే సందర్భములలో హెచ్చరింపబడగోరుచున్నారు అని. కింద గడులున్నాయి. ఉత్తరం వచ్చినప్పుడు, ఉత్తరం రానప్పుడు, వచ్చిన ఉత్తరం చదివినప్పుడు, చదవనప్పుడు. నిక్కచ్చి మనిషి గనక తాతాజీ అన్నిటికీ టిక్కు పెట్టాడు. ఆఖర్న, హెచ్చరికలు ఏ చిరునామాకు పంపవలెను అని ఉంది. అతనికున్నది ఒక్కటే ఈ-మెయిల్. అదే ఇచ్చాడు.

అక్కడే వచ్చింది చిక్కంతా. ఉత్తరం రాగానే హెచ్చరిక వస్తుంది. ఆ హెచ్చరిక కూడా అదే చిరునామాకి ఉత్తరంగానే వస్తుంది. ఉత్తరం వచ్చింది కాబట్టి మళ్లీ హెచ్చరిక రావాలి. వచ్చింది. అదీ ఉత్తరమే కదా. ఏ పనైనా ఆపకుండా చేసే గుణం ఆ శాఖలో మనుషుల్లో కనపడదుగానీ వాళ్ల కంప్యూటర్లలో మాత్రం నిండుగా ఉంది.

అది కూడా ఊరికే రాదు. కమిషనర్ గారు కాలేజీ రోజుల్లో నాటకాల్లో వేసేవారు. ఉద్యోగుల్లో చైతన్యం నింపడం కోసం ఆయనే స్వయంగా గొంతిచ్చారు. వీరమణి ఒక జాకెట్టుకి మెడ కత్తిరిస్తుండగా గదిలో ఎవరో మహారాజు వేంచేస్తున్నట్టు "హెచ్చరికా..." అని పెద్ద కేక వినపడింది. ఆవిడ చేతిలో కత్తెర జారి ముందు మెడ కాస్తా వెనక మెడంత దిగింది.

"ఎవరండీ అది?" అంది ఆవిడ.

"మా కమిషనర్ గారు. ఉత్తరం వచ్చిందని చెబుతున్నారు."

"ఏం ఉత్తరం?"

తాతాజీ తెరిచి చూసి, హెచ్చరిక వచ్చిందని హెచ్చరిస్తూ వచ్చిన హెచ్చరిక అని చెప్పాడు. వీరమణి కాసేపు అతని మొహంలోకి చూసి, జ్వరం గానీ తగిలిందేమోనని నుదురు పట్టుకు చూసింది.

ఆ రోజునుంచి ఆ ఇంట్లో మనుషుల మాట మనుషులకి వినపడటం మానేసింది. గొంతు తగ్గిద్దామంటే, శబ్దమును తగ్గించుట క్రమశిక్షణారాహిత్యముగా పరిగణింపబడును అని కరదీపిక ఆఖరి పేజీలో ఉంది. వీరమణి స్పీకర్ల మీద లైనింగు గుడ్డలు నాలుగు మడతలేసి కప్పింది. గొంతు పోలేదు, కాస్త జలుబు చేసినట్టయింది. కొలతలివ్వడానికి వచ్చే ఆడవాళ్లు గుమ్మంలోనే ఆగిపోసాగారు. పక్కింటి సూరమ్మ గోడమీదనుంచి తొంగిచూసి ఊరుకోలేక అడగనే అడిగింది.

"ఏం వీరమణీ, ఆఫీసోళ్లు ఇంటికొచ్చి మరీ మీ ఆయన్ని తిడతన్నారంట? ఏం జేసేడమ్మా, పాపం?"

వీరమణికి తల తీసేసినట్టయింది. ఆ సాయంత్రం భర్త ఇంటికొచ్చాక, ఆ పెట్టె వైరు పీకేస్తానని ఆవిడ, పీకితే తన పదోన్నతి పీకినట్టేనని అతను, చాలాసేపు వాదించుకున్నారు. ఇంకెంతకాలం, పదోన్నతి కాగితం వచ్చేదాకా ఓపిక పట్టమని బతిమాలాడు. అన్నేళ్ల కాపురంలో అతను తనకోసమంటూ అడిగింది అదొక్కటే. ఆవిడ వైరు జోలికి వెళ్లలేదు.

ప్రతి శనివారం జిల్లాలనుంచి హెడ్డాఫీసుకి నివేదిక వెళ్లాలి. ఉద్యోగి పేరు, పొందిన హెచ్చరికలు. సూపరింటెండెంటు సరిచూసి సంతకం పెట్టాలి కాబట్టి, ఇన్‌చార్జి సూపరింటెండెంటు హోదాలో తాతాజీయే తన పేరెదుట తను పొందిన హెచ్చరికలు వేసి, "సరిచూచి ధ్రువీకరించడమైనది" అని కింద సంతకం పెట్టేవాడు. మొదటి వారం వందల్లో ఉన్నవి రెండో వారానికి వేలల్లో పడ్డాయి. రాష్ట్రంలో ఏలూరు మొదటి స్థానంలో నిలిచింది. రెండో స్థానంలో ఉన్న జిల్లా ఏలూరుకి కనుచూపు మేరలో లేదు. కమిషనర్ గారు వీడియోలో కనపడి, మిగతా జిల్లాల డీడీలందర్నీ ఏలూరును చూసి నేర్చుకోమన్నారు.

వెంటనే సన్మాన సభ పెట్టారు. తాతాజీకి శాలువా కప్పి, చెక్కతో చేసిన చిన్న మైలురాయి చేతికిచ్చి, "హెచ్చరిక రత్న" అని బిరుదు ప్రదానం చేశారు. ఆ సభలో డీడీ గారి ఉపన్యాసం చాలాకాలం చెప్పుకున్నారు.

"తాతాజీ పొందినన్ని హెచ్చరికలు ఈ శాఖ పుట్టిన దగ్గర్నుంచీ ఎవ్వరూ పొందలేదు. ఇకముందు పొందబోరు. పెద్దపెద్ద నేరాలు చేసినవాళ్లకి కూడా ఈ అదృష్టం పట్టలేదు. పదోన్నతుల సంఘం దృష్టికి ఈ విషయం తప్పక వెళుతుందని సభాముఖంగా హామీ ఇస్తున్నాను" అన్నారాయన.

అన్నట్టే వెళ్లింది. ఆ సభలో అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టినవాడు కుటుంబరావు.

పదోన్నతుల సంఘం బెజవాడలో హెడ్డాఫీసులో కూర్చుంది. వాళ్లకి ప్రతి అభ్యర్థి గురించీ ఒక పట్టిక ఇస్తారు. పుట్టిన తేదీ, చేరిన తేదీ, పొందిన హెచ్చరికలు. శాఖ పుట్టినప్పటినుంచీ ఉన్న గడి అది. ఆలస్యంగా వచ్చినందుకో, పైఅధికారికి ఎదురు చెప్పినందుకో, రాయి పోగొట్టినందుకో మందలించి మెమో ఇస్తే దాన్నే ఆ శాఖలో హెచ్చరిక అంటారు. సర్వీసు మొత్తంలో ఒకటుంటే మచ్చ. రెండుంటే సిగ్గు. మూడుంటే ఏమిటన్నది రూల్సులోనే ఉంది, "మూడు హెచ్చరికలు పొందిన ఉద్యోగి పదోన్నతికి అనర్హుడు" అని. పట్టిక తయారుచేసే గుమాస్తా ఆ గడి నింపడానికి ఎక్కడా వెతుక్కోనక్కర్లేకపోయింది. సరిగ్గా అదే శీర్షికతో వారం వారం ఏలూరునుంచి నివేదికలు వచ్చి ఉన్నాయి. సరిచూసి ధ్రువీకరించి మరీ ఉన్నాయి.

పదిహేను రోజుల తర్వాత వచ్చిన కవరు తాతాజీ దేవుడి పటం దగ్గర పెట్టి, దణ్ణం పెట్టుకుని విప్పాడు.

"శ్రీ కొల్లి తాతాజీ వేలకొలది హెచ్చరికలు పొందియు తన ప్రవర్తనయందు ఇసుమంతైనను మార్పు చూపకపోవుటయేగాక, సదరు హెచ్చరికలను స్వయముగా కోరి, ఇంటికి తెప్పించుకొని, వానిపై సన్మానము సైతము పొందుటను సంఘము తీవ్రముగా పరిగణించినది. శ్రీ లంకలపల్లి కుటుంబరావు హెచ్చరికలేవియు లేని నిష్కళంక ఉద్యోగి అగుటచే ఆయనను సూపరింటెండెంటుగా నియమించడమైనది" అని ఉంది అందులో.

 తాతాజీ అక్కడే పీట మీద కూలబడ్డాడు. లోపలినుంచి కమిషనర్ గారు, ఆ ఉత్తరం సంగతే కాబోలు, హెచ్చరిస్తూనే ఉన్నారు. వీరమణి వచ్చి కాగితం చదువుకుంది. చదివి, వెళ్లి ఆ కంప్యూటరు మీద ఓ దుప్పటి కూడా కప్పింది.

మర్నాడు తాతాజీ డీడీ గారి దగ్గరికి వెళ్లి, ఈ హెచ్చరిక వేరు, ఆ హెచ్చరిక వేరు అని చెప్పుకున్నాడు. డీడీ గారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, కళ్లజోడు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చూశారు. రెండిట్లోనూ ఒకే అక్షరాలున్నాయన్నారు. వేరంటున్నావు గదా, ఎక్కడ వేరో వేలు పెట్టి చూపించమన్నారు. తాతాజీ చూపించలేకపోయాడు. అయినా తను సన్మాన సభలో చెప్పింది వాపసు తీసుకోలేనని, రేపు తన మీదికొస్తుందని డీడీ గారు జాలిగా వివరించారు.

ఇక లాభంలేదని తాతాజీ సెలవు పెట్టి బెజవాడ వెళ్లాడు. హెడ్డాఫీసులో జాయింట్ కమిషనర్ మల్లంపల్లి విశాలాక్షి గారు మంచి మనిషి. కూర్చోబెట్టి, టీ తెప్పించి, చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. అంతా విన్నాక, అతను చెప్పింది అక్షరాలా నిజమన్నారు. తాతాజీకి ప్రాణం లేచొచ్చింది.

"కాని మీరు చెప్పిన నిజం వెయ్యడానికి పట్టికలో గడి లేదండీ" అన్నారావిడ. "హెచ్చరికని రద్దు చెయ్యాలంటే అప్పీలు పెట్టుకోవాలి. ఒక్కో హెచ్చరికకీ ఒక్కో అప్పీలు. మీ అప్పీలు అందిందని మేం జవాబు ఈ-మెయిల్లోనే పంపాలి, అది రూలు."

జవాబు వస్తే ఇంట్లో మళ్లీ హెచ్చరిక వస్తుంది కదా అన్నాడు తాతాజీ. వస్తుందని ఒప్పుకున్నారావిడ. దానిమీద మళ్లీ అప్పీలు పెట్టుకునే హక్కు అతనికి పూర్తిగా ఉందని, ఆ హక్కును శాఖ ఎన్నడూ కాదనదని భరోసా ఇచ్చారు. పోనీ అలర్టులు ఆపేసుకుంటానంటే ఆవిడ కంగారు పడ్డారు. హెచ్చరికలు పొందడం తప్పే కావచ్చుగానీ, పొందడానికి నిరాకరించడం అంతకంటే పెద్ద తప్పనీ, దానికి సస్పెన్షన్ దాకా ఉందనీ చెప్పి, ఆ మాట తన దగ్గర అన్నాడు గనక సరిపోయింది, ఇంకెక్కడా అనవద్దని బుజ్జగించారు. వచ్చిన చిక్కంతా మాటతో కాబట్టి, ఆ మాట మార్చమని కమిషనర్ గారికే ఓ విన్నపం రాసుకోమన్నారు.

రైల్లో కిటికీ పక్కన కూర్చుని తాతాజీ ఏలూరు వచ్చేదాకా ఆలోచించాడు. కోపం వచ్చింది. కోపం ఎవరిమీదో తెలియలేదు. అందరూ మర్యాదగానే మాట్లాడారు, ఒకావిడ టీ కూడా ఇచ్చారు. తను చేసిన తప్పల్లా చెప్పిన పని చెప్పినట్టు చెయ్యడం. నాన్న జవానుగా నలభయ్యేళ్లు చేసినదీ అదే, ఆయన్నెవరూ దానికి శిక్షించలేదు. ఏలూరులో దిగేసరికి అతని కళ్లు తడిగా ఉన్నాయి.

ఈలోగా కుటుంబరావు సూపరింటెండెంటుగా చేరాడు. చేరిన రోజే తాతాజీ భుజంమీద చెయ్యేసి, ఇదంతా విధి ఆడిన ఆటని, తన మనసులో ఏమీ లేదని, పని మాత్రం ఎప్పట్లా తాతాజీయే చూసుకోవాలని అన్నాడు. ఇన్‌చార్జి అన్న కాగితం రద్దయింది. ఇన్‌చార్జి పని రద్దు కాలేదు.

తాతాజీ విన్నపం రాశాడు. రాయడంలో అతనిది మంచి చెయ్యి. ఇరవయ్యేళ్లుగా మైలురాళ్లు ఎందుకుండాలో రాసి ఒప్పించినవాడికి ఇది పెద్ద పని కాదు. హెచ్చరిక అన్న ఒక్క మాటవల్ల ఒక నిజాయితీపరుడి బతుకు ఎలా తారుమారైందో రెండు పేజీల్లో పెట్టాడు. అది చదివి కమిషనర్ గారు నిజంగానే కదిలిపోయారట. తన గొంతు విని ఉద్యోగులు భయపడుతున్నారని తెలిసి ఆయన ఆ పూట సరిగ్గా భోంచెయ్యలేదట. ఉద్యోగిని భయపెట్టకూడదు, ప్రోత్సహించాలి అని ప్రకటించి, కొత్త మాట వెతకడానికి ఉన్నతస్థాయి సంఘం వేశారు. సంఘం అదే చలికొండల మీద సమావేశమై, వాతావరణం అనుకూలించడంతో ఇంకొన్నాళ్లు సమావేశాలు పొడిగించుకుని, ఒక మనస్తత్వవేత్త సలహా తీసుకుని, హెచ్చరిక బదులు ప్రశంస అనాలని తేల్చింది. ఉత్తరం వచ్చిందంటే ఉద్యోగి తనని మెచ్చుకున్నట్టు భావించి ఉత్సాహంగా పరిగెత్తాలని వాళ్ల ఉద్దేశం.

అయితే పాత రికార్డుల మాటేమిటి? అక్కడ విశాలాక్షి గారు తాతాజీని గుర్తుంచుకున్నారు. ఆవిడ చొరవవల్ల ఉత్తర్వు ఇలా వెలువడింది.

"శాఖకు సంబంధించిన సమస్త రికార్డులు, దస్త్రములు, ఉత్తరువులు, నిబంధనలు, ఫలకములయందు ఎచ్చటెచ్చట హెచ్చరిక అను పదము కలదో అచ్చటచ్చట ప్రశంస అని చదువుకొనవలెను. ఇది శాఖ ఆవిర్భావమునుండియే అమలులో ఉన్నట్లు భావింపవలెను."

తాతాజీ ఆ ఉత్తర్వు నాలుగుసార్లు చదివాడు. నాలుగోసారికి నవ్వొచ్చింది. తను పొందిన వేలకొద్దీ హెచ్చరికలు ఒక్క కలంపోటుతో వేలకొద్దీ ప్రశంసలైపోయాయి. రాష్ట్రంలో అంతగా ప్రశంసించబడిన ఉద్యోగి ఇంకొకడు లేడు. దారిలో కిలో మైసూరుపాకు కొనుక్కుని ఇంటికెళ్లాడు. ఇంట్లో కమిషనర్ గారు అప్పటికే కొత్త గొంతులో "ప్రశంసా..." అని మొదలుపెట్టి ఉన్నారు. వీరమణి తనే స్వయంగా దుప్పటీ, లైనింగు గుడ్డలూ తీసేసి, సూరమ్మ గోడవైపు కిటికీ బార్లా తెరిచింది.

ఆఫీసులో కూడా పండగలా ఉంది. ఉత్తర్వు అందరికీ వర్తించింది కదా. గుండుగొలను దగ్గర మైలురాయిని బట్టలుతుక్కోవడానికి అద్దెకిచ్చి దొరికిపోయిన వాచ్‌మన్‌కి అప్పట్లో గట్టి హెచ్చరిక ఇచ్చారు. ఇప్పుడతను ఆ ప్రశంసాపత్రానికి అద్దం కట్టించుకున్నాడు. ఫలకాలు కూడా మార్చాలన్నారు గనక పెయింటర్ని పిలిచారు. ఆఫీసు గేటు మీద "ప్రశంస: కుక్కలున్నవి" అని వచ్చింది. శాఖవారు భీమడోలు రోడ్డులో పెట్టించిన బోర్డు మీద "ప్రశంస: ముందు ప్రమాదకరమైన మలుపు కలదు" అని రాశారు. మలుపు దగ్గర లారీలవాళ్లు దిగి ఫొటోలు తీసుకుంటున్నారని విన్నారు.

తాతాజీ పదోన్నతి విషయం తిరిగి పరిశీలించడానికి సంఘం మళ్లీ కూర్చుంది. ఈసారి అతనికి ఏ అనుమానమూ లేదు. కుటుంబరావుని ఇంకో జిల్లాకి సర్దుతారని, ఏలూరు తనకిస్తారని ఆఫీసులో అందరూ అనుకున్నారు. కుటుంబరావు కూడా సామాను సర్దుకోవాలేమోనని వాళ్లావిడతో అన్నాడట. తాతాజీ కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. జాకెట్లు తప్ప కుట్టని వీరమణి మొదటిసారి చొక్కా కుట్టింది. చంకల దగ్గర కాస్త బిగుసుకున్నా అతను ఆ మాట అనలేదు.

జవాబు వచ్చిన రోజున డీడీ గారు అతన్ని లోపలికి పిలిచి, తలుపు వెయ్యమన్నారు.

సంఘం తాతాజీ రికార్డు చూసి ఆశ్చర్యపోయిందట. ఒక్క ఉద్యోగి ఇన్ని ప్రశంసలు పొందడం శాఖకే గర్వకారణమని తీర్మానం కూడా చేసిందట. ఆ తీర్మానం డీడీ గారు నిలబడి చదివారు. తాతాజీ కూడా నిలబడే విన్నాడు. ఆ తర్వాత సంఘం రూల్సు చూసింది. ఉత్తర్వు నిబంధనలకి కూడా వర్తిస్తుందని స్పష్టంగా ఉంది కదా, చదువుకోవలసిన చోట చదువుకోవలసినట్టే చదువుకుంది. డీడీ గారు కాగితం తిప్పి అతనివైపు పెట్టారు.

"మూడు ప్రశంసలు పొందిన ఉద్యోగి పదోన్నతికి అనర్హుడు."

 తాతాజీకి ఏడుపు రాలేదు. వస్తే బాగుండునని మాత్రం అనిపించింది. ఇది అన్యాయం కదండీ, ఎక్కడైనా ఇలాంటి రూలుంటుందాండీ అని అడిగాడు.

డీడీ గారు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. అన్నేళ్లలో ఆయన ఆఫీసు భాష వదిలేసి మాట్లాడటం అదే మొదటిసారి.

"నువ్వు అనవసరంగా బాధపడుతున్నావు తాతాజీ. ఇదేం కొత్త రూలు కాదయ్యా. నేను చేరిన దగ్గర్నుంచీ ఇలాగే జరుగుతోంది, కాగితం మీదికి ఇప్పుడొచ్చింది. పని తెలిసినవాణ్ణని నువ్వే అందరికీ చూపించుకుంటివి. నిన్ను పైకి పంపిస్తే కింద ఆ పని ఎవడు చేస్తాడు, చెప్పు? కుటుంబరావు చేస్తాడా?"

తాతాజీ నమస్కారం పెట్టి బయటికొచ్చాడు. వరండాలో జనం అతని మొహం చూసి ఎవరి బల్లల దగ్గరికి వాళ్లు సర్దుకున్నారు. అతను వచ్చి తన కుర్చీలో కూర్చుని, ఎప్పట్లాగే కాగితాలు ముందుకి లాక్కున్నాడు. కానీ ఒక్క ముక్క కూడా తలకెక్కలేదు. ఇంటికెళ్లి వీరమణికి ఏమని చెప్పాలో అతనికి తెలియలేదు. ఎక్కువగా మెచ్చుకున్నారు అందుకని ఇవ్వలేదు అంటే ఆవిడ మళ్లీ నుదురు పట్టుకు చూస్తుంది.

కాసేపటికి సూపరింటెండెంటు గది తలుపు తెరుచుకుని కుటుంబరావు తనే వచ్చాడు. చేతిలో ఫైలుంది. మైలురాళ్లు ఇంకా ఎందుకుండాలో పైవాళ్లకి రాయవలసిన ఏటి ఉత్తరం అది. గడువు ఆ సాయంత్రంతో ఆఖరు. పొద్దున్నుంచీ కూర్చుని అతను "అయ్యా" అన్నంతవరకు రాశాడు. ఫైలు తాతాజీ బల్లమీద పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆఫీసంతా వినేలా ఆప్యాయంగా అన్నాడు.

"నీ అంత బాగా రాసేవాడు ఈ రాష్ట్రంలోనే లేడు తాతాజీ. నీ చెయ్యి పడితేనే..."

తాతాజీ కలం కింద పెట్టి రెండు చేతులూ జోడించాడు.

"సార్, దయచేసి మెచ్చుకోకండి" అన్నాడు. "మీకు పుణ్యముంటుంది. కావాలంటే తిట్టండి."